గుగ్గిలం అడవిలో నడిమి తరం ఏమైంది?

ఒడిశాను ఆనుకున్న శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో గుగ్గిలం చెట్లున్న చోట నిలబడి ఒకసారి పైకి, ఒకసారి కిందికి చూడండి. పైన నిండు మానులు ఉంటాయి. కింద మోకాలెత్తైనా లేని మొక్కలు, వెడల్పాటి ఆకులు నాలుగేసుకుని గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. ఆ రెండిటికీ మధ్య వాసం లావు, స్తంభం లావు చెట్లు ఉండాలి. చాలాచోట్ల అవే కరవు. తాతలున్నారు, మనవలున్నారు, కొడుకులూ కోడళ్లూ లేరు.

ఇలాంటి అడవిని చూడగానే మనకు తోచే మందు మొక్కలు నాటడం. వనమహోత్సవం రోజున నర్సరీ నుంచి లారీలో ఏవో మొక్కలు తెచ్చి గోతుల్లో పెడతాం. గుగ్గిలం అడవికి ఆ మందు పనిచేయదు. దానికి గింజల కొరతా లేదు, మొలకల కొరతా లేదు. మొలక మాను కావడానికి పట్టే మొదటి పదీ పదిహేనేళ్లలో మనం దాన్ని ఏటా నరుకుతున్నాం, కాలుస్తున్నాం, తొక్కిస్తున్నాం. జబ్బు అక్కడుంది కాబట్టి వైద్యం కూడా అక్కడే జరగాలి.

ముందు చెట్టును గుర్తుపడదాం. సాలవృక్షం అన్నా, గుగ్గిలం చెట్టు అన్నా ఒకటే. బస్తర్ వైపు సర్గి అంటారు. శాస్త్రీయ నామం షోరియా రొబస్టా. బెరడుకు గాటు పడితే కారే జిగురు గట్టిపడి గుగ్గిలం అవుతుంది. ధూపానికి వేసేదీ, పడవ చెక్కల అతుకులు పూడ్చడానికి వాడేదీ అదే. ఆయుర్వేద దుకాణంలో గుగ్గులు అని అమ్మేది ఇది కాదు. అది రాజస్థాన్, గుజరాత్ మెట్టల్లో పెరిగే వేరే ముళ్ల పొద జిగురు. పేర్లు దగ్గరగా ఉండటంతో చదువుకున్నవాళ్లు కూడా తరచు పొరబడతారు.

ఈ చెట్టు డిప్టెరోకార్ప్ కుటుంబానికి చెందింది. ఆ గ్రీకు మాటకు రెండు రెక్కల కాయ అని అర్థం. బోర్నియో, మలేసియా, సుమత్రా అడవుల్లో ఆకాశాన్నంటే చెట్లలో ఎక్కువ భాగం ఈ కుటుంబానివే. మన శేషాచలం కొండల తంబజాలారి, రాయలసీమ జాలారి కూడా దీని దాయాదులే. గుగ్గిలం మాత్రం హిమాలయాల పాదాల నుంచి మధ్య భారతం, ఒడిశా మీదుగా దిగి, తూర్పు కనుమల్లో మన ఉత్తరాంధ్ర కొండల దగ్గర ఆగిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇది సహజంగా పెరిగేది ఈ మూలనే. (2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం వేరే జిల్లా అయింది. ఇక్కడ శ్రీకాకుళం, విజయనగరం అన్నప్పుడల్లా పాత హద్దులనే అనుకోండి.) వ్యాప్తికి చివరి అంచున ఉన్న అడవికి ఎండ, కరవు, నిప్పు మిగతా చోట్లకన్నా గట్టిగా తగులుతాయి. ఇక్కడ ఒకసారి పోతే పక్క అడవి నుంచి గింజ గాలికి కొట్టుకొచ్చి మళ్లీ మొలుస్తుందన్న ఆశ తక్కువ.

రోహిణికి పండి, మృగశిరకు రాలి

గుగ్గిలం ఫాల్గుణ, చైత్రాల్లో ఆకు రాల్చుతుంది గానీ పూర్తిగా మోడు కాదు. పాత ఆకు రాలుతుండగానే కొత్తది వస్తుంది, వెంటనే లేత పసుపు పూత. రోహిణి కార్తె ఎండలకు కాయ పండి, మృగశిర తొలకరికి రాలుతుంది. కాయను చేతిలోకి తీసుకుని చూస్తే శనగగింజ కన్నా కాస్త పెద్ద గింజ, దాని చుట్టూ ఐదు రెక్కలు. మూడు పొడవు, రెండు పొట్టి. పొడవు రెక్క రెండు మూడు అంగుళాలు ఉంటుంది. గాలిలో గిరగిరా తిరుగుతూ దిగుతుంది గానీ బరువు వల్ల ఎక్కువ దూరం పోదు. చాలా కాయలు తల్లి చెట్టుకు కొన్ని పదుల మీటర్లలోనే పడతాయి. అందుకే తల్లి చెట్లను ఒక్క చోట గుంపుగా కాకుండా అడవంతా అక్కడక్కడా నిలపడం ముఖ్యం.

గింజ బరువులో దాదాపు సగం నీరే. వడ్లలా, కందుల్లా ఎండబెట్టి గాదెలో దాచుకునే గింజ కాదిది. ఎండితే చస్తుంది. రాలిన వారం, మహా అయితే పది రోజులు దాటితే మొలకెత్తే శక్తి ఉండదు. తొలకరి ముందే పడితే కొన్నిసార్లు చెట్టు మీద ఉండగానే మొలక బయటికొస్తుంది. అంత తొందర దానికి.

ఈ తొందరలోనే రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, తొలకరికి మొలిచాక పది పన్నెండు రోజులు వాన మొహం చాటేస్తే మొలక ఎండిపోతుంది. దానికి మనం చేయగలిగింది లేదు. రెండోది మన చేతిలో ఉన్నదే. నేల మీద ఎండుటాకు మందంగా పేరుకుని ఉంటే గింజ ఆ ఆకు మీదే మొలుస్తుంది, వేరు మట్టిని అందుకోలేక వేలాడుతూ చస్తుంది. కాబట్టి తల్లి చెట్ల కింద మే చివర్లో ఎండుటాకును కర్రతో పక్కకు లాగి మట్టి అక్కడక్కడా కనిపించేలా చేస్తే చాలు. ఊడ్చి ఊరికి తీసుకుపోవద్దు, పక్కనే వదలండి. ఆ ఆకు కుళ్లే నేలలోనే చెట్టు వేళ్లతో సహజీవనం చేసే శిలీంధ్రాలు ఉంటాయి. వాటినే మైకోరైజా అంటారు. నేలలోని భాస్వరాన్ని, నీటిని వేరుకు అందించేది అవే. వానలకు ఈ చెట్ల కింద లేచే పుట్టగొడుగులు కొన్ని ఆ శిలీంధ్రాల కాయలే.

మూడు నుంచి ఐదేళ్లకోసారి కాపు విరగ్గాస్తుంది, మిగతా ఏళ్లు అంతంతమాత్రం. గుగ్గిలం గింజ కొవ్వు సబ్బుకీ, చాక్లెట్‌లో కోకో వెన్నకు బదులుగానూ పనికొస్తుంది కాబట్టి గింజకు మార్కెట్ ఉంది. కేంద్రం 2013-14లో మొదలుపెట్టిన చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మద్దతు ధర జాబితాలోనూ ఇది ఉంది. గింజ ఏరితే అడవి పోతుందని భయపెట్టడం సరికాదు. విరగ్గాసిన ఏడాది రాలిన గింజల్లో మెజారిటీ ఎలాగూ మాను కావు. ఏరే పద్ధతిలోనే తేడా ఉంది. కొండను నాలుగైదు ముక్కలుగా పంచుకుని, ఏటా ఒక ముక్కను పూర్తిగా వదిలేయండి. విరగ్గాసిన ఏడాది రెండు ముక్కలు వదలండి. రెక్కలు పోవడానికి కాయల్ని మంటలో చూపించే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ పని అడవిలో చేయొద్దు, ఊళ్లో కళ్లంలో చేయండి.

పైన చచ్చి, కింద బతికి

ఈ వ్యాసంలో ఒక్క పేరా మాత్రమే గుర్తుంటుందనుకుంటే అది ఇదే కావాలి.

మొలిచిన గుగ్గిలం మొక్క వానాకాలమంతా జానెడెత్తు పెరిగి నాలుగైదు ఆకులు వేస్తుంది. వేసవి వచ్చేసరికి పైభాగం ఎండి చచ్చిపోతుంది. చూసినవాళ్లు మొక్క పోయిందనుకుంటారు. తొలకరికి మళ్లీ మెడ దగ్గర నుంచి కొత్త చిగురు వస్తుంది, మళ్లీ వేసవికి చస్తుంది. ఇలా ఐదేళ్లు, పదేళ్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఈ కాలమంతా పని జరిగేది నేల కింద. పక్కగా గునపంతో జాగ్రత్తగా తవ్వి చూస్తే పైన పెన్సిల్ పుల్లంత కాడ, కింద బొటనవేలు లావు తల్లివేరు. ఆ రెండూ కలిసే మెడ దగ్గర పాత కాడలు చచ్చిన గుర్తులు బుడిపెలుగా కనిపిస్తాయి. పదేళ్ల మొక్క ఏడాది మొక్కలా వేషం వేసుకుని కూర్చుంటుంది. వేరు చాలినంత బలిశాక, పైన వెలుతురు దొరికిన ఏడాది, కాడ ఒక్క ఊపున మనిషెత్తు లేస్తుంది. ఆ తర్వాత వెనక్కి చావదు.

కాబట్టి పిచ్చిమొక్కలని గోతుల కోసం మనం చెక్కేసే ఆ గుబురుల్లో పదేళ్ల పెట్టుబడి దాగి ఉండొచ్చు. దాన్ని తీసి నర్సరీ మొక్క పెట్టడమంటే పొట్టమీదున్న చేనును దున్ని కొత్తగా విత్తడమే.

ఆ ఊపు ఎందుకు రావడం లేదో చూద్దాం. ఏటా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అడవికి నిప్పు అంటుకుంటుంది. ఇప్పపువ్వు కనబడాలని చెట్టు కింద ఆకు కాల్చడం, పోడు తగలబెట్టిన మంట పైకి పాకడం, బీడీ ముక్క, ఇలా ఏదో ఒకటి. ముదిరిన గుగ్గిలానికి మందమైన బెరడు ఉంటుంది, తట్టుకుంటుంది. మొక్క వేరూ బతుకుతుంది. అందుకే నిప్పువల్ల అడవికి ఏమీ కాలేదనిపిస్తుంది. నిజానికి ప్రతి నిప్పూ ఆ మొక్కను మళ్లీ మొదటి మెట్టుకు దించేస్తుంది. వరుసగా ఐదారేళ్లు నిప్పు పడని చోటే కాడ మనిషెత్తు దాటి గండం గట్టెక్కుతుంది.

గట్టెక్కినదాన్ని కత్తి తీసుకుపోతుంది. కంచెలకీ, పాదుల పందిళ్లకీ, పశువుల శాలలకీ కావాల్సింది ఏ లావు కర్ర? మణికట్టు లావు నుంచి తొడ లావు దాకా. ఒక్క మనిషి ఒక్క కత్తితో నరికి భుజాన వేసుకుని పోగలిగిన కర్ర. మానును నరకాలంటే రంపం కావాలి, బండి కావాలి, కేసు భయం. నడిమి తరం పోవడానికి కారణం ఇంత మామూలుది. దీన్ని కొండమీద ఉండేవాళ్ల నేరంగా చూపడం అన్యాయం. పక్క మైదానంలో ప్రతి ఊరికీ ఆ కర్ర కావాలి.

పోడు సంగతి వేరుగా చెప్పాలి. ఈ కొండల గిరిజనులైన సవరలు, జాతాపులు తరతరాలుగా చేసిన పోడులో మోళ్లను పెకలించేవారు కాదు, నాగలి దించేవారు కాదు. బీడు పది పదిహేనేళ్లు ఉండేది కాబట్టి మోళ్ల నుంచి పిలకలు లేచి అడవి తిరిగొచ్చేది. బీడు రెండు మూడేళ్లకు కుదించుకుపోవడం ఒక దెబ్బ. అంతకన్నా పెద్ద దెబ్బ మోళ్లు పెకలించి, దున్ని, జీడి, అనాస లాంటి ఒకే పంట పెట్టడం. జీడి డబ్బిస్తుంది, ఆ డబ్బు అవసరమే. కానీ గుగ్గిలం వేరు ఉన్న నేల దున్నితే ఆ అడవి ఇక తనంతట తాను తిరిగి రాదు. కొత్తగా జీడి పెట్టాలనుకునే చోట ముందు వేళ్లు ఉన్నాయా లేవా చూసి, లేని చోటే పెట్టడం కనీస జాగ్రత్త.

రెండున్నర సెంట్ల లెక్క

అడవికి ఏం కావాలో ఊహతో కాకుండా లెక్కతో తేల్చాలి. దీనికి కావాల్సింది ఒక టేపు, తాడు, నాలుగు మేకులు, నోటుబుక్. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గడి గీయండి. అంటే సుమారు రెండున్నర సెంట్లు. అందులో వచ్చిన సంఖ్యను 40తో హెచ్చిస్తే ఎకరాకు లెక్క వస్తుంది. ఒక కొండవాలుకు కనీసం పది గడులు, పైన, నడుమ, కింద పంచి వేయాలి. దారి పక్కనే వేస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే దారి పక్క అడవి ఎప్పుడూ పలచనే.

గడిలో గుగ్గిలాన్ని నాలుగు వరసలుగా రాయండి. మోకాలి లోపు మొక్కలు. మోకాలి నుంచి మనిషెత్తు వరకు కాడలు. మనిషెత్తు దాటి, ఛాతీ ఎత్తున చుట్టుకొలత 30 సెంటీమీటర్ల లోపు ఉన్నవి. అంతకన్నా పెద్దవి. ఛాతీ ఎత్తు అంటే నేల నుంచి 1.37 మీటర్లు. వాలు మీద పైవైపు నుంచి కొలవాలి. ఆరోగ్యంగా ఉన్న అడవిలో మొదటి వరస చాలా ఎక్కువగా ఉండి, తర్వాతవి మెట్లుమెట్లుగా తగ్గుతూ పోతాయి. ఏ మెట్టు విరిగిందో చూస్తే మందు ఏదో తెలుస్తుంది.

మొదటి వరసే ఖాళీగా ఉంటే నేల తయారీ, గింజ, అవసరమైతే నాటడం. మొదటిది నిండుగా ఉండి రెండోది ఖాళీ అయితే నిప్పు, పశువుల తొక్కిడి, లేదా పైన నీడ మరీ దట్టం. రెండోది ఉండి మూడోది లేకపోతే కత్తి. మూడూ ఉండి నాలుగోది లేకపోతే ఏమీ చేయక్కర్లేదు, వదిలేయండి. ఆ వదిలేయడమే చాలామందికి కష్టంగా ఉంటుంది.

నీడ తేల్చడం కొంచెం నేర్పుతో చేసే పని. గుగ్గిలం మొక్క మొదటి ఏడాది నీడలో బతుకుతుంది గానీ తర్వాత వెలుతురు కావాలి. అలాగని ఒకేసారి పైనంతా తెరిస్తే లంటానా అనే కలుపు పొద ముందు లేచి మొత్తం కప్పేస్తుంది. ఈ పొరపాటు ఆగ్నేయాసియాలో పెద్ద ఎత్తున జరిగింది. మలయాలో 1948లో పెట్టిన మలయన్ యూనిఫాం పద్ధతిలో, కింద మొక్కలు చాలినన్ని ఉన్నాయని తేలాకే పైమానులన్నీ ఒకేసారి కొట్టాలని నియమం. పల్లపు అడవుల్లో అది బాగానే నడిచింది. ఆ పల్లాలు రబ్బరు, పామాయిల్ తోటలకు పోయాక అదే పద్ధతిని కొండవాలు అడవులకు తీసుకెళ్లారు. అక్కడ మొక్కలు అక్కడక్కడా మాత్రమే ఉంటాయి, వాలుకు మట్టి కొట్టుకుపోతుంది. పనిచేయలేదు. 1978లో ఎంపిక చేసి కొట్టే పద్ధతికి మారారు. బోర్నియోలోని సబా రాష్ట్రంలో దెరమకోట్ అడవి ఇంకో దారి పట్టింది. కొట్టే ముందే ప్రతి చెట్టునూ లెక్కించడం, తీగల్ని ముందుగానే కోయడం, చెట్టు ఏ వైపు పడాలో నిర్ణయించి కొట్టడం, దుంగలు లాగే దారులు ముందే గీయడం. 1997 నుంచి దానికి ఎఫ్‌ఎస్‌సీ ధ్రువీకరణ (బాధ్యతగా నిర్వహించే అడవులకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) ఉంది. మన అడవులు అంత పెద్దవి కావు, మనకు ఆ కలప వ్యాపారమూ లేదు. అయినా ఒక నియమం ఇక్కడికీ సరిపోతుంది: కింద మొక్క ఉందని లెక్కతో తేలాకే పైన కొమ్మ తీయాలి.

మోడు, పిలక, తీగ

నరికిన గుగ్గిలం మొదలు నుంచి పిలకలు బాగా వేస్తుంది. వంటచెరకు, కర్ర అవసరాలున్న ఊళ్లకు ఇదే ఆధారం. కాని చేసే తీరు సరిగ్గా ఉండాలి. వేసవిలో, వానలకు ముందే, నేలకు జానెడు లోపు ఎత్తులో, పదునైన గొడ్డలితో లేదా రంపంతో ఏటవాలుగా నున్నగా కోయాలి. నీరు నిలవని కోత అయితే మోడు కుళ్లదు. నడుమెత్తున నరికితే పిలకలు పైన పుట్టి, గాలికి చీలి, కుళ్లు లోపలికి దిగుతుంది. మొద్దుబారిన కత్తితో నలిపి నరికితే బెరడు లేచిపోయి పిలకే రాదు. ఒక మోడుకు పది పన్నెండు పిలకలు వస్తాయి. రెండు మూడేళ్ల తర్వాత నేలకు దగ్గరగా పుట్టిన బలమైనవి ఒకటి రెండు ఉంచి మిగతావి తీసేయాలి. ఆ తీసినవే పందిళ్లకు కర్రలు. మరీ ముదిరిన మాను మోడు నుంచి పిలకలు ఆశించొద్దు.

అడ్డతీగ దగ్గర వ్యవహారం చిక్కుపడుతుంది. అటవీ శాస్త్ర పుస్తకాల్లో అడ్డతీగ శత్రువు. చెట్టునల్లుకుని తల మీద పందిరి వేసి, కొమ్మ వంచి, లేత గుగ్గిలాన్ని కుబ్జం చేస్తుంది. మన కొండల్లో అదే తీగ అడ్డాకుల విస్తరి, ఆడవాళ్ల చేతికి వచ్చే నగదు. తీగలన్నీ కోసేయమనే ప్రణాళిక ఎన్నాళ్లో నిలబడదు, నిలబడకూడదు కూడా. వాగుల గట్లు, అడవి అంచులు, గుగ్గిలం కాని చెట్ల మీద తీగను ఉంచండి. తల్లి చెట్ల మీద, ఎదుగుతున్న వాసాల మీద మాత్రం కోయండి. ఒక్క చోట కోస్తే మళ్లీ చిగురేస్తుంది, కాబట్టి చీలమండ దగ్గరొకటి, ఛాతీ ఎత్తున ఒకటి, రెండు కోతలు పెట్టి ఏడాది తర్వాత మళ్లీ చూడాలి. కోసిన తీగను కిందికి లాగొద్దు, లాగితే దాంతో పాటు చెట్టు తల విరుగుతుంది.

గుగ్గిలం జిగురు తీసేటప్పుడు బెరడును నిలువుగా సన్నటి పట్టీగా చెక్కాలి. చుట్టూ చెక్కితే చెట్టు చస్తుంది. చెక్క దాకా దిగిన గాయాల్లో కుళ్లు పడుతుంది. వాసం లావు చెట్లను అసలు ముట్టుకోకూడదు.

గాయాల గురించి ఇంకో కారణంతోనూ జాగ్రత్త పడాలి. గుగ్గిలానికి బద్ధ శత్రువు కాండం తొలిచే పొడుగు మీసాల పెంకుపురుగు. 1990ల చివర్లో మధ్యప్రదేశ్‌లో మాండ్లా, అమర్‌కంటక్ వైపు సాల చెట్లను లక్షల సంఖ్యలో చంపింది ఇదే. తొలకరికి పెద్ద పురుగులు బయటికొచ్చి, కొత్తగా కోసిన చెట్టు రసం వాసనకు దూరం నుంచి చేరతాయి. బెరడు పగుళ్లలో గుడ్లు పెడతాయి. పిల్ల పురుగు చేవ దాకా తొలుచుకుపోతుంది. బలమైన చెట్టు జిగురు కార్చి దాన్ని ముంచేస్తుంది. ముదిరినదీ, కరవుకు నీరసించినదీ లొంగిపోతుంది. చెట్టు మొదలు దగ్గర గుట్టగా పడే రంపపు పొట్టు లాంటి పొడి దీని గుర్తు. వానాకాలంలో గుగ్గిలం కొట్టొద్దు, కొట్టిన దుంగను అడవిలో వదలొద్దు అన్న నియమం దీనివల్లే. పురుగు పడిన చోట అదే వాసనను ఎరగా వాడతారు. ఒక చెట్టు కొట్టి దుంగలు చేసి, చివర్ల బెరడును సుత్తితో దంచి రసం ఊరేలా పెడతారు. పురుగులు తాగి మత్తుగా పడి ఉంటాయి. రోజూ పొద్దున్నే ఏరి చంపాలి, మూడు నాలుగు రోజులకోసారి దుంగను మళ్లీ దంచాలి. ఒక్క రోజు ఏరడం మానేస్తే ఎర పెట్టి పురుగుల్ని పిలిచి వదిలేసినట్టే.

ఎవరి చేతిలో పని

ఇదంతా ఐదారేళ్లు ఆగకుండా చేయాల్సిన పని, కాబట్టి చేసేవాళ్లకు హక్కు ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టంలో వ్యక్తిగత పట్టా గురించే అందరికీ తెలుసు. అదే చట్టం సెక్షన్ 3(1)(ఐ) ఊరి సంప్రదాయ అడవిని కాపాడి, పునరుజ్జీవింపజేసి, నిర్వహించుకునే హక్కును ఇస్తుంది. దానికి దరఖాస్తు ఫారం సి. గ్రామసభ 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీ వేయాలి. కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. హద్దుల పటం, పెద్దల వాంగ్మూలాలతో గ్రామసభ తీర్మానం సబ్‌డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి జిల్లా కమిటీకి వెళుతుంది. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు పటంలో పోడు చెక్కల్ని మాత్రమే చూపి, గింజ ఏరే, ఆకు కోసే, పశువులు మేపే కొండను వదిలేయడం. గింజ, జిగురు, అడ్డాకు చిన్నతరహా అటవీ ఉత్పత్తులు, వాటి మీద యాజమాన్య హక్కు ఉంటుంది. కలపకు ఉండదు. పిలకలు పలచబరిచే పని ఊరి నిర్వహణ ప్రణాళికలో రాసుకుని అటవీ శాఖ వర్కింగ్ ప్లాన్‌తో ముందే కలుపుకోవాలి. లేకపోతే మంచి పని చేస్తూనే కేసుల్లో ఇరుక్కుంటారు.

మొదటి ఏడాదికి పని ఇలా పెట్టుకోవచ్చు. కార్తీకంలో గడుల లెక్క. పుష్యంలో కొండను ముక్కలుగా విడగొట్టే ఫైర్ లైన్లు, కనీసం మూడు మీటర్ల వెడల్పున ఆకు ఊడ్చి. మాఘం నుంచి వైశాఖం దాకా నిప్పు కాపలా, ఇప్పచెట్ల కింద ఆకు కాల్చకుండా ఊడ్చి పెట్టడం. జ్యేష్ఠంలో తల్లి చెట్ల కింద ఎండుటాకు జరపడం.

నాటక తప్పని చోట గుగ్గిలం గింజనే, చెట్టు కింద అప్పుడే రాలినదాన్ని ఏరి, రెక్కలు తీసి, రెండు మూడు రోజుల్లోపు అక్కడే నేలలో అంగుళంలో సగం లోతున నొక్కండి. ఒక్కో చోట రెండు మూడు గింజలు. నర్సరీ సంచిలో పెంచాలంటే సంచి కనీసం అడుగు లోతుండాలి, లేకపోతే తల్లివేరు చుట్టలు చుట్టుకుపోతుంది. మట్టిలో ముదురు గుగ్గిలం కింది మట్టి ఒక పాలు తప్పకుండా కలపాలి, శిలీంధ్రం దాంతోనే వస్తుంది.

గడుల మూలల్లో దిగ్గొట్టిన మేకులకు సున్నం పూసి ఉంచండి. మరుసటి కార్తీకంలో అవే గడుల్లో, అవే నాలుగు వరసలు మళ్లీ రాయాలి. కాడ ఎండిన మొక్క కనిపిస్తే చచ్చిందని కొట్టేయకుండా పుస్తకంలో పక్కన చుక్క పెట్టి, తొలకరి దాటాక వెళ్లి దాని మెడ దగ్గర చూడండి.